చేప తీసేసిన చోట ఏం పెట్టాలి?

బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ఇలా రాశారు:

"మాది వారంలో నాలుగు రోజులు చేపలో, ఎండు చేపలో, గుడ్లో వండుకునే ఇల్లు. విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఏడు నెలల కిందట నీచు మానేసింది. ఎవరూ చెప్పలేదు, తనకే అనిపించింది. పాలు, పెరుగు తీసుకుంటుంది, గుడ్డు కూడా ముట్టదు. ఇంటికొచ్చినప్పుడల్లా పప్పు, చారు, బంగాళదుంప వేపుడు తప్ప నాకు తోచట్లేదు. ఈమధ్య నీరసం అంటోంది, మేడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పనసపొట్టులో ఆవ పెడితే చేదొచ్చింది. కంద వండితే అందరికీ నోళ్లు దురదపెట్టాయి. ఉలవచారు నీళ్లలా అయింది, ఉలవలు ఉడకనే లేదు. మా అత్తగారేమో 'ఇది మన వైపు ఆచారం కాదు, ఎక్కడో నేర్చుకొచ్చింది' అంటున్నారు. బలానికి ఏం పెట్టాలి, రుచిగా ఎలా వండాలి? గిన్నెలు వేరుగా కావాలంటోంది, అదీ అవసరమేనా?"

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ ఆయాసం సంగతి చూడండి. వంటతో సరిపెట్టుకునే విషయం కాదది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఫెర్రిటిన్ ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగానే కనిపిస్తూ నిల్వ అడుగంటిన వాళ్లూ ఉంటారు కాబట్టి ఆ పరీక్ష వదిలేయకండి.

బి12 మొక్కల నుంచి రాదు. ఆకుకూరల్లో లేదు, పప్పుల్లో లేదు, మొలకల్లో లేదు. పాలు, పెరుగుల్లో కొంత ఉంటుంది. అయితే మన కాలేయం బి12ను ఏళ్లకు సరిపడా దాచుకోగలదు. అందుకని ఏడు నెలల కిందట చేప మానినందువల్లే ఇప్పుడు బి12 పడిపోయిందని అనుకోవడం తొందరపాటు. పరీక్షలో తక్కువని తేలితే అది చేప మానకముందు నుంచీ ఉన్న లోటే కావచ్చు. ఇంత త్వరగా నీరసం పట్టుకుందంటే ఎక్కువసార్లు కారణం రెండే: ఇనుము తగ్గడం, అసలు తిండే తగ్గడం. నీచు మానిన పిల్లలు చేప ముక్క పక్కన పెట్టి, ఆ చోటు అన్నంతోనో, చారుతోనో నింపుకుంటారు. కడుపు నిండుతుంది, బలం రాదు. బి12 తగ్గితే మాత్రం మాత్రలో, ఇంజక్షన్లో డాక్టరు చెప్పినన్నాళ్లు వాడి తీరాలి. దానికి వంటింటి మందు లేదు. ఒక్క జాగ్రత్త: విటమిన్ క్యాప్సూళ్ల పై పొర చాలావాటిలో జెలటిన్, అంటే పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన పదార్థం. అది మీ అమ్మాయికి ఇబ్బంది అనిపిస్తే క్యాప్సూల్ కాకుండా మాత్ర రాయమని అడగండి.

ఇక మీరు పెడుతున్న పప్పు దగ్గరికి వద్దాం. అసలు లోటు అక్కడే ఉంది. నలుగురున్న ఇంట్లో పూటకు ఒక చిన్న గ్లాసు కందిపప్పు, అంటే సుమారు 100 గ్రాములు, వేస్తారు. మనిషికి 25 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి కాబట్టి ఆ పూట ఒక్కొక్కరికీ దక్కేది ఐదున్నర గ్రాములు. పప్పు పలచన చేసి, టమాటాలు ఎక్కువ వేస్తే ఇంకా తగ్గుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ అమ్మాయి 50 కిలోలుందనుకుంటే 42 గ్రాములు. రెండు పూటలా పలచటి పప్పుతో అందులో పావు వంతే వస్తుంది.

మరి ఆ 42 ఎలా నిండుతాయంటే, రోజు మొత్తం మీద 75 గ్రాముల పప్పో, ఉలవలో, పెసలో, బొబ్బర్లో అయితే 16 గ్రాములు. 200 గ్రాముల బియ్యంలో 14. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లకు 10. గుప్పెడు వేరుసెనగ గుళ్లు, అంటే 25 గ్రాములు, 6. చోడిపిండి, అంటే రాగిపిండి, 50 గ్రాములకు మరో మూడున్నర. కలిపితే 49 దాటుతుంది. ఇందులో కొత్తగా కొనేదేమీ లేదు. అన్నం పక్కన ముద్దపప్పు గట్టిగా ఉండాలి, సాయంత్రం టీ, బిస్కట్లు పోయి గుగ్గిళ్లు రావాలి, పొద్దున్న అంబలి ఉండాలి. అన్నం, పప్పు కలిపి తినడంలో ఇంకో మేలు కూడా ఉంది. మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియొనీన్ బియ్యంలోనూ నువ్వుల్లోనూ ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో ఉండక్కర్లేదు, ఒకే రోజులో ఉంటే చాలు.

ఇనుము విషయం దీనికంటే కష్టం. అదే లెక్కలో మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాములు చాలు, ఆడవాళ్లకు 29 కావాలి. పైగా ఆకుల్లో, గింజల్లో ఉండే ఇనుమును ఒళ్లు చేపలోదాన్ని తీసుకున్నంత తేలిగ్గా తీసుకోలేదు. దాన్ని కాస్త లాగి తెచ్చేది పులుపు, అందులోనూ విటమిన్ సి. ఉలవ గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండండి, తోటకూర పప్పులో దించాక మామిడికాయో, నిమ్మరసమో కలపండి, భోజనం చివర జామకాయ ఉంటే మరీ మంచిది. నిమ్మరసం ఎప్పుడూ దించాకే. మరిగితే విటమిన్ సి పోతుంది. టీ, కాఫీ భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దు. వాటిలోని టానిన్లనే వగరు పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి. ఆకుకూరలు, వేపుళ్లు ఇనప మూకుడులో చేస్తే ఆ ఇనుము కూడా కూరలోకి కొంత దిగుతుంది. పులుసులు మాత్రం అందులో కాయకండి. చింతపండు ఇనుమును మరీ ఎక్కువ తినేసి పులుసు నల్లబడుతుంది, నాలుక మీద తుప్పు రుచి తగులుతుంది. వండిన కూరను ఆ మూకుడులో వదిలేయడం కూడా తప్పే, వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి. అలాగని తిండితోనే రక్తహీనత తగ్గుతుందని ఆగకండి. పరీక్షలో తక్కువని తేలితే ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. తిండి ఆ వచ్చిన రక్తాన్ని నిలబెట్టడానికి.

చోడి అంబలి మీ ఇంట్లో కొత్త కాదు కాబట్టి దాని మీద ఒక్క మాటే: రాత్రి పిండి నానబెట్టడం మానకండి. నాలుగు చెంచాల చోడిపిండిని ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. ఆ పులుపులోనే మంచి ఉంది. గింజల్లో ఇనుమును, సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టి ఉంచే ఫైటేట్లనే పదార్థాలు పులిసేటప్పుడు తగ్గుతాయి. పొద్దున్న మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, గుప్పెడు నూక వేసి ఉడికాక ఈ పిండి నీళ్లు పోసి, పది నిమిషాలు కలుపుతూ కాచాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. అప్పటికప్పుడు వేడి నీళ్లలో పొడి పిండి చల్లితే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది, మేలు కూడా సగమే. చేప ముళ్లతో పోయిన సున్నానికి చోళ్లను మించినవి ధాన్యాల్లో లేవు. నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది.

ఇప్పుడు రుచి. చేపల పులుసుకు అలవాటుపడ్డ నాలుకకు వంకాయ పులుసు బోలుగా అనిపించడానికి కారణం కారం తక్కువై కాదు. చేపలో, మరీ ముఖ్యంగా ఎండు చేపలో, నాలుక మీద చాలాసేపు నిలిచే ఒక కమ్మదనం ఉంటుంది. అది తీసేసి, అదే మసాలా, అదే అల్లం వెల్లుల్లి కూరగాయల మీద వేస్తే ఘాటు ఉంటుంది, కమ్మదనం ఉండదు. మీరు బంగాళదుంప వేపుడు దగ్గర ఆగిపోవడానికి ఇదే కారణమై ఉంటుంది. వేగిన దుంపలో ఆ కమ్మదనం కొంత దొరుకుతుంది. మన వైపు వంటలో దాన్ని తెచ్చేవి మూడున్నాయి: వేపిన నువ్వులు, మినప వడియాలు, ఆవ. ఈ మూడూ మీ చేతికి అలవాటైతే మీ అమ్మాయే కాదు, ఇంట్లో మిగతావాళ్లు కూడా చేప లేని రోజున వెలితి అనరు. మీల్ మేకర్ వారానికి ఒకసారి వండుకోండి, తప్పులేదు. దాన్ని మాంసం కూరలా రోజూ మసాలా పెట్టి వండడం మాత్రం మాకు నచ్చదు. మాంసం లేని లోటును రోజూ గుర్తుచేసే వంట అది.

నువ్వుల పొడితో మొదలుపెట్టండి. 100 గ్రాముల నువ్వులు నూనె లేకుండా సన్నమంట మీద వేపాలి. నాలుగైదు నిమిషాలకు చిటపటలాడి, రెండు వేళ్ల మధ్య నలిపితే పొడవుతాయి, కమ్మటి వాసన వస్తుంది. అక్కడ ఆపేయాలి. ఎర్రబడేదాకా ఉంచితే చేదే. మూకుడు వేడికి కూడా రంగు మారతాయి కాబట్టి దించగానే పళ్లెంలో పోయండి. పూర్తిగా చల్లారాక ఆరు ఎండుమిరపకాయలు వేపి చేర్చి, ఉప్పు వేసి, మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. వేడి మీద తిప్పినా, ఆపకుండా తిప్పినా నూనె వదిలి ముద్దయిపోతుంది. బీరకాయ, ఆనపకాయ, వంకాయ, గోరుచిక్కుడు, వీటిలో ఏ కూరైనా దించే ముందు అరకిలోకు రెండు పెద్ద చెంచాల పొడి చల్లండి. బీరకాయ, ఆనపకాయ నీరు వదులుతాయి కదా, ఆ నీరంతా ఇంకాకే చల్లాలి. లేకపోతే గంజిలా అవుతుంది.

వడియాల కథ పులుసులో. ఎండు చేప వేసే చోట బూడిదగుమ్మడి వడియం వేయండి, తేడా మీకే తెలుస్తుంది. బెల్లం పులుసుకు ఆనపకాయ, గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, వంకాయ కలిపి 600 గ్రాముల ముక్కలు తీసుకోండి. ముందు ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పాతిక ఉడకనిచ్చి అప్పుడే చింతపండు రసం పోయాలి. పులుపు ముందే పడితే ముక్క బిగిసిపోయి ఎంత కాచినా మెత్తబడదు. బెండకాయ వేసేట్టయితే అది మాత్రం పులుపు పడ్డాకే, అప్పుడు జిగురు రాదు. చింతపండు 40 గ్రాములు, బెల్లం 40 గ్రాములు చాలు. రెండు చెంచాల వరిపిండిని చన్నీళ్లలో కలిపి చివర పోయాలి. పులుసు మరుగుతుండగా పొడి వరిపిండి వేస్తే ఉండలే. పోపు పెట్టి దించి, వేపిన వడియాలు వడ్డించే ముందు పది నిమిషాలు నాననివ్వాలి. అవి పులుసు పీల్చుకుని పైన మెత్తగా, లోపల కాస్త కరుకుగా ఉంటాయి.

బజారు వడియాల్లో పిండి ఎక్కువ, పప్పు తక్కువ. ఎండలున్న నెలల్లో ఇంట్లో పెట్టుకోండి. కిలో బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. పొద్దున్న అరకిలో నానిన మినపప్పును చుక్క నీళ్లు కూడా ఎక్కువ కాకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, ఇంగువ, ఆ ముక్కలు కలిపి పెట్టాలి. వడియం చదునుగా జారిపోతే పిండిలో నీరు ఎక్కువైనట్టు, ఎండాక రాయిలా ఉంటే పప్పు సరిగ్గా రుబ్బనట్టు. మూడు నాలుగు రోజుల గట్టి ఎండ కావాలి. మధ్యలో మబ్బుపడితే తీసి ఇంట్లో ఫ్యాను కింద పెట్టండి, లేకపోతే లోపల బూజు పడుతుంది.

ఆవ చేదెందుకయిందో చెప్పాలంటే ఆవగింజ లోపలికి వెళ్లాలి. పొడి ఆవగింజకు ఘాటు లేదు. ఒక గింజ నోట్లో వేసుకుని నమిలితే ముందు చేదు తగిలి, తర్వాత క్షణానికి ముక్కుకెక్కుతుంది, గమనించే ఉంటారు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలి రెండూ కలిసినప్పుడే ఘాటు పుడుతుంది. ఆ ఎంజైమ్ వేడికి ఓర్చుకోదు. వేడినీళ్లు పోసి నూరినా, మిక్సీ జారు వేడెక్కినా, పొయ్యి మీదున్న కూరలో కలిపినా అది చచ్చిపోతుంది. అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరితో ఎగిరిపోతుంది. మిగిలేది చేదే. మీ పనసపొట్టుకు జరిగింది ఇదే అయుంటుంది. పాత ఆవాలైతే ఘాటు ఎలా చేసినా రాదు, అదొకటి చూసుకోండి.

అరకిలో పనసపొట్టుకు రెండు చిన్న చెంచాల సన్న ఆవాలు చాలు. వాటిని చన్నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు పసుపు, ఉప్పు, అర చెంచా నానిన బియ్యం చేర్చి, చన్నీళ్లతోనే మెత్తగా నూరండి. చిన్న రోలయితే మేలు, వేడెక్కదు. నూరిన ముద్దను పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఘాటు పూర్తిగా పైకొస్తుంది. ఈలోగా పొట్టులో పసుపు, ఉప్పు వేసి, కొద్ది నీళ్లతో కుక్కర్లో ఒక్క విజిల్ రానివ్వండి. రెండొస్తే మెత్తబడి గుజ్జవుతుంది. నీరు వార్చి, చల్లారాక గట్టిగా పిండాలి. కూర చప్పగా, తడితడిగా ఉండేది ఇక్కడ బద్దకించినందువల్లే. నాలుగు చెంచాల నూనెలో సెనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఇంగువ వేగనిచ్చి, నిమ్మకాయంత చింతపండు చిక్కటి రసం పోసి పచ్చివాసన పోయాక పొట్టు వేసి, అయిదు నిమిషాలు కలిపి దించేయండి. మూకుడు చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చన అయ్యాక ఆవముద్ద, ఒక చెంచా పచ్చి నువ్వులనూనె కలపాలి. వేపిన వడియాలు రెండు గుప్పెళ్లు చిదిమి వేసి, అరగంట ఆగి వడ్డించండి. ఒకపూట నిలవున్నాక ఇంకా బాగుంటుంది. మళ్లీ వేడి చేయకండి, అంతే. పొట్టు మీరే కొట్టుకుంటే కత్తికీ చేతులకూ నూనె రాసుకోండి, లేకపోతే పనసపాల జిగురు వదలదు.

అరటికాయకూ, కంద బచ్చలికీ ఆవ పెట్టే పద్ధతి ఇదే. కందతో దురద ఎందుకంటే దాని కండలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. అవి గుచ్చుకోవడమే దురద. తవ్వి కొంతకాలం ఆరిన కంద తీసుకోండి, అప్పుడే తవ్వినది ఎక్కువ దురద. చెయ్యి తడిగా ఉంటే దురద ఎక్కువవుతుంది కాబట్టి పొడి చేతులకు నూనె రాసుకుని, చెక్కు మందంగా తీయండి. ముక్కలు ఉప్పు, పసుపు నీళ్లలో వేలితో నొక్కితే చిదిగేదాకా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత చింతపండు రసంలో బచ్చలితో కలిపి మళ్లీ ఉడికించాలి. మీరు బహుశా మొదటే చింతపండు పోసి ఉంటారు. పులుపుకు ముక్క బిగిసి లోపల సరిగ్గా ఉడికి ఉండదు. పావుకిలో కందకు రెండు కట్టల బచ్చలి సరిపోతుంది.

ఉలవలు కూడా పులుపు దగ్గరే మొండికేస్తాయి. చింతపండు మొదట్లో వేయకూడదు. పాత ఉలవలైనా, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లయినా ఉడకడం కష్టమే, అలాంటప్పుడు తాగునీళ్లు పోయండి. సోడా ఉప్పు వేసే అలవాటుంటే మానండి. మెత్తబడతాయి కానీ బి1 విటమిన్ పోతుంది, చారు సబ్బు వాసన కొడుతుంది. పావుకిలో ఉలవలు కడిగి పది పన్నెండు గంటలు నాననిచ్చి, లీటరుంపావు నీళ్లతో కుక్కర్లో మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద 25 నిమిషాలుంచండి. గింజ రెండు వేళ్ల మధ్య మెత్తగా నలగాలి. నీరు వడకట్టి, ఉడికిన ఉలవల్లో పావువంతు మెత్తగా రుబ్బి అందులో కలపండి. పలచన పోవడానికి కిటుకంతా ఇక్కడే. ఇప్పుడు చింతపండు, ఉప్పు, కారం వేసి, సుమారు సగానికి మరిగేదాకా సన్నమంట మీద కాయాలి. వేగం పెంచితే అడుగంటి మాడు వాసన చారంతా పడుతుంది. మిగిలిన ముప్పాతిక ఉలవలు పారేయకండమ్మా. నీళ్లలోకి దిగేది రుచే ఎక్కువ, మాంసకృత్తులు చాలావరకు గింజలోనే ఉంటాయి. పోపు పెట్టి, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి గుగ్గిళ్లు చేస్తే సాయంత్రానికి పనికొస్తాయి. హాస్టలుకు పట్టుకెళ్లే ఆదివారం డబ్బాలో పొడి వేపుడుగా చేసినవీ వెళ్తాయి.

మీ అత్తగారి మాట గురించి. ఆవిడ అన్నదాంట్లో నిజముంది. సముద్రమూ, నదులూ, చెరువులూ ఉన్న ఈ నేల మీద చేప తినడం ఏ తప్పూ కాదు, ఎక్కువమంది తిన్నారు, తింటున్నారు. కానీ నీచు మానడం ఎక్కడి నుంచో వచ్చింది మాత్రం కాదు. ఈ జిల్లాలు పాత కళింగంలో భాగం. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే జౌగడ దగ్గర బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. సామాన్యశక పూర్వం 3వ శతాబ్దం నాటివి. మొదటి శాసనంలో ఆయన జంతుబలి వద్దంటాడు. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు మూడింటినే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింకను కూడా రోజూ కాదని, ముందు ముందు ఈ మూడింటినీ చంపబోమని రాయించాడు. ఒక వంటింటి లెక్క ఇంత స్పష్టంగా రాతికెక్కడం అరుదు. కళింగ యుద్ధంలో రక్తం చూసిన రాజు ఆ లెక్కను కళింగుల మధ్యే నిలబెట్టాడు.

విజయనగరం పక్కన రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధుల కట్టడాలు, బోధికొండ మీద జైన విగ్రహాలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. బౌద్ధ భిక్షువులంతా శాకాహారులని అనుకోకండి. తమ కోసం చంపనిదైతే భిక్షలో పడ్డ మాంసం తినేందుకు వాళ్లకు అనుమతి ఉండేది. జైనుల నియమం కఠినం, దుంపలు కూడా తినరు, తవ్వితే నేలలో జీవాలు చస్తాయని. తర్వాత వైష్ణవం. 13వ శతాబ్దంలో మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు శ్రీకూర్మంలో శాసనాలు వేయించారు. మాధ్వుల చాతుర్మాస్యంలో మొదటి నెల కూరలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పు దినుసులు వదిలేస్తారు. మీ అమ్మాయికి ఎవరైనా ఆ వ్రతం చెబితే పప్పు వదిలే నెల మాత్రం ఇప్పుడు వద్దనండి, రక్తం సరిపడా వచ్చాక ఆలోచించవచ్చు.

మిరపకాయ, బంగాళదుంప, టమాటా, వేరుసెనగ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. పోర్చుగీసువాళ్లు ఇక్కడికి చేరాక 16వ శతాబ్దంలో మిరప వచ్చింది. దానికి ముందు మన కూరల్లో ఘాటు ఆవ, అల్లం, మిరియాలదే. ఆబ్దికం వంటలో చాలా ఇళ్లలో ఇప్పటికీ మిరపకాయ బదులు మిరియమే వాడతారు. అందుకే బంగాళదుంప వేపుడు కంటే ఆవ పెట్టిన కంద ఈ నేలకు పాత చుట్టం. మీ అత్తగారిని వాదనలోకి దింపకండి, వంటింట్లోకి పిలవండి. పొన్నగంటి, చెంచలాకు, మునగాకు, లేత గోగుకూర ఏ నెలలో ఎక్కడ దొరుకుతాయో, ఏది పప్పులోకి, ఏది పులుసులోకి అన్నది ఆవిడ వయసువాళ్లకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు. నార కోసం గోగు వేసిన పొలాల్లో లేత చిగుళ్లు కోసుకొచ్చిన చేతులవి. కార్తీకమాసంలో ఆవిడ నెలంతా ఎలా వండేవారో అడగండి. ఉల్లి, వెల్లుల్లి లేని ఆ నెల వంటలో ఇంగువ ఎంత, ఎప్పుడు వేయాలో తెలుస్తుంది. నూనె కాగాక చిటికెడు, అంతే. చల్లటి నూనెలో వేస్తే పచ్చి వాసన, ఎక్కువైతే చేదు.

గిన్నెల విషయంలో ఆరోగ్యానికి సంబంధించి భయమేమీ లేదు. శుభ్రంగా తోమిన స్టీలు గిన్నెకు నీచు అంటదు. కానీ పిల్ల అడిగేది ఆరోగ్యం కోసం కాదు, మనసు కోసం, దాన్ని మన్నించండి. వాసన పట్టుకునేవి కూడా కొన్ని నిజంగానే ఉన్నాయి: చెక్క తెడ్డు, మట్టి దాక, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, మిక్సీ జారు మూతలోని రబ్బరు వాషరు. వీటికి బదులు ఒక మూకుడు, ఒక గరిటె, ఒక చిన్న జారు వేరుగా పెడితే చాలు, ఇంటినిండా రెండు జతలు అక్కర్లేదు. రోజూ ముందు కూరగాయల వంట ముగించి, తర్వాత చేప పొయ్యెక్కించండి. గిన్నెలకంటే ముందు చూడాల్సింది నూనె. చేప వేపిన నూనె వడకట్టి మర్నాడు పోపుకు వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది తిన్నప్పుడు పిల్లకు తెలుస్తుంది, చెప్పలేక అన్నం వదిలేసి లేస్తుంది. ఆ నూనె సీసా మీద దారం కట్టి వేరే అరలో పెట్టండి.

హాస్టల్లో, బయట కొనే పొట్లాల మీద ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు చతురస్రంలో త్రికోణం ఉంటే కాదు. గుడ్డు కలిసినా ఆ త్రికోణమే ఉంటుంది. పాలు, తేనె కలిసినవాటికి ఆకుపచ్చే. కేకులు, కొన్ని రకాల బిస్కట్లు, జెల్లీ మిఠాయిలు కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకోమనండి. రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు.  ఈలోపు వారానికొకసారి ఇంటికొచ్చినప్పుడు డబ్బాలో నువ్వుల పొడి, వేపిన వేరుసెనగలు, చోడిపిండి పొట్లం కట్టి పంపండి. హాస్టలు పప్పు ఎంత పలచగా ఉన్నా ఆ పొడి రెండు చెంచాలు కలుపుకుంటే ఆ పూట గడుస్తుంది.